పాత సంగీతం సంఘంలో చేరాలని ఉంది, వర్క్‌షాపులు ఎలా ఉంటాయో చెప్పగలరా?

ప్రశ్న: పాలకొల్లు శ్రోత

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు. సహకార బ్యాంకులో క్యాషియర్‌గా చేస్తున్నాను. చిన్నప్పుడు మా వీధిలోనే ఉండే టీచరు గారి దగ్గర సరళీ స్వరాల నుంచి వర్ణాల వరకు నేర్చుకున్నాను. ఇంటర్‌కి హాస్టల్లో చేరాక ఆగిపోయింది. ఇప్పుడు మా అబ్బాయి ఇంజనీరింగ్‌కి వెళ్ళాడు. సాయంత్రాలు కాస్త తీరిక దొరుకుతోంది.

అమలాపురంలో పాత సంగీతం కోసమే పనిచేసే సంఘం ఒకటి ఉందని మా ఆఫీసులో ఒకాయన చెప్పారు. త్యాగరాజ స్వామికి ముందు కాలం పాటల మీదే దృష్టి పెడతారట. అన్నమయ్య, క్షేత్రయ్య, నారాయణ తీర్థుల తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు. రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం కలిపి వర్క్‌షాపు ఉంటుంది. కోనసీమ వాళ్ళే కాక భీమవరం, కాకినాడ వైపు నుంచి కూడా వస్తారట. సభ్యత్వం ఏడాదికి 1,000 రూపాయలు. సభ్యులు కానివాళ్ళు ఏ వర్క్‌షాపుకి ఆ వర్క్‌షాపు విడిగా కట్టుకోవాలి.

ఫోన్ చేస్తే "రండమ్మా, ఒకసారి కూర్చుని చూసి తర్వాత చేరండి" అన్నారు. అయినా టెన్షన్‌గానే ఉంది. స్వరం రాసిన కాగితం చూసి అప్పటికప్పుడు పాడడం నాకు రాదు. రెండుసార్లు వింటే పట్టుకుంటాను. ఇదివరకు ఐదు శ్రుతిలో హాయిగా పాడేదాన్ని, ఇప్పుడు నాలుగున్నర పెట్టుకున్నా పై షడ్జం (పై స) దగ్గర గొంతు బిగుసుకుంటోంది. కచేరీలు చేయాలని కోరిక లేదు. మా అమ్మమ్మ ఆచంటలో ఉంటుంది, ఎనభై దాటాయి. అధ్యాత్మ రామాయణ కీర్తనలు ఇప్పటికీ పుస్తకం లేకుండా పాడుతుంది. అవి నాకు రావాలి. అసలు కోరిక అది.

నాలాంటి వాళ్ళని చేర్చుకుంటారా? డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి? ఇంట్లో నా పాత వీణ ఉంది, తీసుకెళ్ళాలా?


జవాబు: మృదంగం, కాకినాడ

మేడమ్, నిశ్చింతగా వెళ్ళండి. ఇలాంటి వర్క్‌షాపుల్లో తాళం చెప్పడానికి నన్ను పిలుస్తుంటారు. వచ్చేవాళ్ళలో కచేరీ విద్వాంసులు కొద్దిమంది. ఎక్కువమంది మీలాగే నేర్చుకుని మధ్యలో ఆపేసినవాళ్ళు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, డాన్సు నేర్పేవాళ్ళు.

వెళ్ళేలోపు ఒక్కటి సాధన చేయండి. ఏడక్షరాల నడక, బాగా నెమ్మదిగా. త్రిపుట తాళం అయితే మూడు, రెండు, రెండు. మిశ్రచాపు అయితే మూడు, నాలుగు. క్షేత్రయ్య పదాలు, అంటే ఆయన రాసిన శృంగార పాటలు, చాలావరకు ఈ నడకల్లో, విలంబ కాలంలో ఉంటాయి. జోరుగా పాడే పాటలో తాళమే మనల్ని లాక్కుపోతుంది. విలంబంలో అలా కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీని మనమే నిలబెట్టాలి. బాగా పాడేవాళ్ళు కూడా అక్కడే తొందరపడిపోతారు. ఎవరైనా పాడిన రికార్డు పెట్టుకుని, మీరు పాడకుండా చేత్తో తాళం మాత్రం వేస్తూ కూర్చోండి. పాట ఆసాంతం చెయ్యి నిలకడగా ఉందంటే వర్క్‌షాపులో సగం బరువు దిగినట్టే.


జవాబు: వీణ టీచర్, రావులపాలెం

అమ్మా, నేను సంగీత పాఠశాలలో వీణ చెప్పి రిటైరయ్యాను. ఆ సంఘంలో సభ్యురాలినే, నిర్వాహకురాలిని కాదు. కాబట్టి నాకు తోచింది తోచినట్టు చెబుతాను.

ముందు వీణ సంగతి. ఈసారికి తేకండి. చాలాకాలంగా వాయించని వీణ అంటున్నారు. తీగల కింద ఉండే మెట్లు మైనం మీద నిలబడి ఉంటాయి. ఎండలో బస్సు డిక్కీలో రెండు గంటలు ఉంటే ఆ మైనం మెత్తబడి మెట్లు పక్కకి జరుగుతాయి, స్వరస్థానాలు తప్పిపోతాయి. మన తడి గాలికి చెక్క కూడా ఉబ్బుతుంది. ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపించి, అవసరమైతే మెట్లు మళ్ళీ కట్టించి, అప్పుడు తెచ్చుకోవచ్చు. అన్నట్టు, ఇలా ఇరవై నాలుగు మెట్లు కదలకుండా బిగించిన వీణ తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దంలో స్థిరపడిందని చెబుతారు. అంతకుముందు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునేవారట. పాత సంగీతం గురించి మాట్లాడుకునేటప్పుడు ఇలాంటివి గుర్తుంటే మంచిది. ఇవాళ మన చేతిలో ఉన్న వాయిద్యం అన్నమయ్య విన్న వాయిద్యం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి అన్నారు. హాలు, భోజనం, సర్టిఫికెట్టు ఇవేవీ చూడకండి. మొదటి పాట నేర్పడం మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఒక మాట అడగండి: "ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందండీ?" దీనికి నిలబడి తిన్నగా జవాబు చెప్పే సంఘంలో చేరండి. విసుక్కునే చోట చేరకండి.

ఎందుకో చెబుతాను. పాట పాతది కావడం వేరు, మనం పాడే వరస, అంటే బాణీ, పాతది కావడం వేరు. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయారు. ఆయన కీర్తనల్ని రేకుల మీద చెక్కించే పనికి పూనుకున్నది కొడుకు పెదతిరుమలాచార్యులు. ఆ రాగిరేకులు తిరుమలలో భద్రంగా ఉండబట్టే ఇవాళ మనకి సుమారు 14,000 కీర్తనలు దొరికాయి. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. సామంతం, గుండక్రియ, కొండమలహరి, పాడి, ఇలాంటి పేర్లు పాటల పైన కనిపిస్తాయి. వీటిలో కొన్ని రాగాలు ఇప్పుడు కచేరీల్లో వినిపించవు. కొన్నిటి పేరు అదే అయినా రూపం అదేనని చెప్పలేం. మనం ఇవాళ పాడుకునే అన్నమయ్య వరసలు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, ఆ తర్వాతివారు కట్టినవి.

అధ్యాత్మ రామాయణ కీర్తనల కథ ఇంకోలా ఉంటుంది. రాసింది మునిపల్లె సుబ్రహ్మణ్య కవి, 18వ శతాబ్దం, కాళహస్తి ప్రాంతం. మొత్తం 104 కీర్తనలు. కచేరీ వేదికల కంటే మన కోస్తా ఇళ్ళలో, ఆడవాళ్ళ నోట్లో అవి ఎక్కువగా బతికాయి. తల్లి నుంచి కూతురికి, అత్తగారి నుంచి కోడలికి అందాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం వచ్చాక రేడియోలో మోగి ఒక వరస అందరికీ తెలిసింది. కానీ రేడియో రాకముందు ఊరికో తీరు, ఇంటికో తీరు ఉండేది. మీ అమ్మమ్మ గారు పాడేది రేడియో వరస కావచ్చు, అంతకన్నా వెనకటిది కావచ్చు. ఆవిడ పాట రికార్డు చేసి అది తేల్చుకోవడం మీకు సంఘంలో మొదటి పనిగా పెట్టుకోండి. మీరు నేర్చుకోవడానికి వెళ్తున్నానని అనుకుంటున్నారు. వాళ్ళకి ఇవ్వగలిగింది కూడా మీ దగ్గర ఉంది.

తరంగాలు సంస్కృతంలో ఉంటాయి, పన్నెండు తరంగాల పెద్ద కృతి. మన వైపు భజన గోష్ఠులు పాడే తీరు ఒకటి, కూచిపూడివారు ఆటకి పాడే తీరు ఒకటి. రెండూ విని చూడండి, నడక ఎంత మారుతుందో తెలుస్తుంది.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే, శనివారం పొద్దున గంటసేపు గొంతు సరిచూసుకోవడం, తాళం. తర్వాత పాటని మాటగా చదివిస్తారు. ఇది చాలామందికి విసుగు పుట్టిస్తుంది గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఎక్కడ మాట విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చదివితేనే తెలుస్తుంది. మాట మధ్యలో ఊపిరి తీసి ముక్కలు చేస్తే ఎంత మంచి రాగమైనా వినలేం. ఆ తర్వాత నేర్పేవారు ఒక్కో పాదం పాడితే అందరూ అంటారు. స్వరం రాసిన కాగితం ఇస్తారు, అది గుర్తుకోసమే. విని పట్టుకోగలిగితే చాలు, అదే మన అసలు పద్ధతి కూడా.

శ్రుతి గురించి భయం వద్దు. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర అంటారు కాబట్టి అందరూ కలిసి పాడేటప్పుడు ఎప్పుడూ పేచీయే. అక్కడ ఆడవాళ్ళని ఒకపూట, మగవాళ్ళని ఒకపూట వాళ్ళ శ్రుతిలో పాడించి, చివర్లో మధ్యేమార్గంగా ఒక శ్రుతి పెడతారు. మీరు నాలుగులో పాడుకోండి. గొంతు మీద దౌర్జన్యం చేయకండి. వయసుతో శ్రుతి దిగడం సహజం, నాదీ దిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఒక గంట పుస్తకాల కోసం ఉంటుంది. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ముందు పెట్టుకుని కూర్చుంటారు. 1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో అచ్చయింది. అచ్చయిన భాష మాత్రం తెలుగు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు, ఇంకా పాత గీతాలు, తానాలు స్వరంతో ఉంటాయి. ఏ స్వరం మీద ఏ గమకం (స్వరాన్ని ఊపే తీరు) వేయాలో గుర్తులు కూడా ఉన్నాయి. పాత సంగీతం తెలుసుకోవాలనుకునేవాడికి ఇంతకన్నా పెద్ద ఆధారం దొరకదు. అది మన లిపిలో, మన భాషలో ఉంది. తమిళ మిత్రులూ విదేశాల వాళ్ళూ తర్జుమాల్లో చదువుకుంటున్నారు, మనం నేరుగా చదవగలిగీ తెరవడం లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అందులో మేళకర్తల, అంటే మిగతా రాగాలకి మూలమైన రాగాల, పేర్లు మీరు చిన్నప్పుడు నేర్చుకున్నవి కావు. మొదటి మేళం కనకాంగి అని మనకి తెలుసు, అక్కడ కనకాంబరి. ఇరవై రెండోది మనం ఖరహరప్రియ అంటాం, అక్కడ శ్రీరాగం. మారింది పేరు ఒక్కటే కాదు, రాగాన్ని చూసే చూపు కూడా వేరు. ఆరోహణ అవరోహణ నిచ్చెన ఎక్కి దిగినట్టు కాకుండా, ఈ రాగంలో ఏ పట్టులు (స్వరాల కూర్పులు) పలకాలి, ఏవి పలకకూడదు అన్న దగ్గర మొదలవుతుంది. ఒక్క శ్రీరాగం మీద ఒక మధ్యాహ్నం కూర్చుంటే నేను చెప్పేది అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. అన్ని చోట్లా ఇలా ఉండదు. ఇంకో ఊళ్ళో "ప్రాచీన సంగీత శిబిరం" అని బ్యానర్ కడితే వెళ్ళాను. పెన్‌డ్రైవ్‌లో కీబోర్డు ట్రాక్ పెట్టి దాని మీద పాడించారు. వరస ఎవరిదని అడిగితే "అన్నమయ్యదే" అన్నారు. ఆ వరస కట్టినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. పాడించడం తప్పని నేను అనను. కట్టినవారి పేరు దాచడం మాత్రం నాకు మింగుడు పడలేదు.


జవాబు: భీమవరం రసికుడు

టీచర్ గారూ, గౌరవంగానే ఒక మాట. నేదునూరి వారి వరసల్లో అన్నమయ్యని విని పెరిగినవాణ్ణి. ఆ పాటలు వింటే కళ్ళు చెమరుస్తాయి. ఇప్పుడు వర్క్‌షాపులో కూర్చోబెట్టి "ఇది పాతది కాదు, ఇది 20వ శతాబ్దం" అని చెబితే వచ్చేవాళ్ళకి భక్తి తగ్గదా? కొత్తగా చేరే ఆవిడకి మొదటిరోజే ఈ అనుమానాలన్నీ ఎందుకు?


జవాబు: వీణ టీచర్, రావులపాలెం

బాబూ, మంచి మాట అడిగారు. నేదునూరి వారిది మా పిఠాపురం వైపే. ఆయన వరసల్ని నేను పిల్లలకి నేర్పాను, ఇప్పటికీ పాడుకుంటాను. అవి గొప్పవి కాబట్టే ఆయన పేరు చెప్పాలంటున్నాను. "ఇది అన్నమయ్య మాట, నేదునూరి వారి వరస" అంటే ఇద్దరికీ నమస్కారం పెట్టినట్టు. పేరు చెప్పకపోతే ఆ పెద్దాయన చేసిన పనిని మనం తుడిచేసినట్టు అవుతుంది.

ఇంకో సంగతి. రేకు మీద రాగం పేరు మాత్రమే ఉందని తెలిస్తే, కొత్తగా వరస కట్టే ధైర్యం వస్తుంది. మా దగ్గర ఒక కుర్రాడు ఆహిరి రాగమని రాసున్న పాట తీసుకుని, ప్రదర్శినిలో ఆహిరి ఎలా ఉందో చదివి, దాన్ని బట్టి తనే కట్టుకొచ్చాడు. ఆదివారం పాడాడు. ఇది పాతది అని అతను అనలేదు, పాతదానికి దగ్గరగా వెళ్ళే ప్రయత్నం అన్నాడు. అలా చెప్పి పాడితే వినడం ఎంత హాయిగా ఉంటుందో. భక్తి తగ్గలేదు, హాలంతా నిశ్శబ్దంగా విన్నది.


పాలకొల్లు శ్రోత

టీచర్ గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా చాలా థాంక్స్ అండి. అమ్మమ్మ పాడేది రికార్డు చేయాలన్న ఆలోచనే నాకు ఇప్పటిదాకా సరిగ్గా రాలేదు. ఎలా చేస్తే ఉపయోగపడుతుందో చెప్పండి.

ఇంకొకటి అడగాలి, ఇక్కడ అడగొచ్చో లేదో. వర్క్‌షాపు కాగితంలో క్షేత్రయ్య పదాలు అని ఉంది. మా అత్తగారు చూసి, "అవి కలావంతులు పాడేవి, శృంగారం పాటలు, మనకెందుకు, రామాయణం వరకు నేర్చుకుని వచ్చెయ్" అన్నారు. ఆవిడ మంచావిడే, నన్ను పాడొద్దని ఎప్పుడూ అనలేదు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.


జవాబు: వీణ టీచర్, రావులపాలెం

ఇక్కడే అడగాలమ్మా. మనం ఈ విషయం మాట్లాడుకోకపోవడం వల్లే సగం సంగీతం పోయింది.

మీ అత్తగారు అన్న మొదటి మాట నిజమే. క్షేత్రయ్యది మువ్వ, కృష్ణా జిల్లా, 17వ శతాబ్దం. ఆయన పదాలు మూడు వందల ఏళ్ళు చెవిన పడకుండా పోలేదంటే వాటిని మోసింది ఆ ఆడవాళ్ళే. తమిళనాడులో వీణ ధనమ్మాళ్ కుటుంబం లాంటివారు మోశారు. మన వైపు మురమండ, మండపేట, బల్లిపాడు, ముమ్మిడివరం, ఇలా గోదావరికి రెండు వైపులా ఉన్న ఊళ్ళ కలావంతుల ఇళ్ళు మోశాయి. గుళ్ళో సేవ ఒకటి, పెళ్ళిళ్ళలో పెద్దల ఇళ్ళలో జరిగే మేజువాణి కచేరీ ఒకటి. మేజువాణిలో కూర్చునే పదం పాడుతూ, ఒక్క పాదాన్ని ఎన్నో తీరులుగా ముఖంలో, చేతుల్లో చూపించేవారు. అలా పాడాలంటే సాహిత్యం ఎంత తెలియాలి! తెలుగు, సంస్కృతం చదువుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. మన ఇళ్ళలో అమ్మాయిలకి అక్షరాలు నేర్పని కాలంలో.

ఆడవాళ్ళని గుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలో వాళ్ళకి జరిగిన అన్యాయం ఆగాలి, ఆ మాటలో సందేహం లేదు. కానీ దానితో పాటు వాళ్ళ పాటకీ ఆటకీ కూడా తలుపు మూసుకుంది. పిల్లలకి నేర్పితే పెళ్ళిళ్ళు కావని చాలామంది తల్లులు నోరు కట్టేసుకున్నారు. తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆ పెద్దవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకుని ఆంధ్రనాట్యం అనే నృత్యంగా నిలబెట్టారు. బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ గారి పదాభినయం గురించి చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ పాలకొల్లుకి ఆ ఊరు ఏమంత దూరం కాదు.

కాబట్టి మీ అత్తగారితో వాదించకండి. వీలైతే ఒకసారి ఆవిడని కూడా తీసుకురండి. పదం అంటే ఏమిటో విన్నాక ఆవిడే చెబుతారు. పదంలో నాయిక మాట్లాడేది మువ్వగోపాలుడితో, అంటే కృష్ణుడితో. అలిగిన భార్య ఉంటుంది, మోసపోయిన మనిషి ఉంటుంది, తెగించి నిలదీసే ఆడది ఉంటుంది. అన్నీ సంసారంలో ఉన్న మాటలే. మరీ బాహాటంగా ఉన్నవి కొన్ని ఉన్న మాట నిజం. మీకు ఇబ్బందిగా ఉంటే ఆ పూట విని ఊరుకోండి, ఎవరూ బలవంతపెట్టరు. అయితే పదాలు వద్దనుకుంటే ఆనందభైరవి, ఘంటా, ఆహిరి, ముఖారి లాంటి రాగాల నెమ్మదైన నడక నేర్చుకునే చోటు పోతుంది. అక్కడ నేర్చుకున్న నిదానమే తర్వాత మీ రామాయణ కీర్తనల్లోకి వస్తుంది. ఇంకో చిన్న విశేషం: పదాన్ని చాలాసార్లు అనుపల్లవితో, అంటే రెండో భాగంతో, ఎత్తుకుని తర్వాత మొదటి భాగమైన పల్లవికి వస్తారు. మొదటిసారి తికమకగా ఉంటుంది, కంగారు పడకండి.

మా సంఘంలో పదం నేర్పేముందు ఏ ఊరి పాఠమో, ఎవరి దగ్గర విన్నదో చెప్పి మొదలుపెట్టాలని నేనే పట్టుబట్టాను. ఇప్పుడు అది అలవాటైంది.

రికార్డింగ్ గురించి. ఖరీదైన మైకు అక్కర్లేదు, ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపండి, అదొక్కటీ మరిచిపోవద్దు. ఫోన్‌ని మడతపెట్టిన తువాలు మీద, ఆవిడ నోటికి మూరెడు దూరంలో పెట్టండి. తంబూరా యాప్ పెట్టకండి. పెద్దవాళ్ళు తమ శ్రుతిలో మొదలుపెట్టి తమ ఇష్టం వచ్చినట్టు జరుగుతారు, యాప్ మోగితే దానికోసం కష్టపడి అసలు పాట మారిపోతుంది. ముందు సాహిత్యం మాటగా చెప్పించండి, తర్వాత పాడించండి. మరిచిపోయిన చోట మీరు అందించకండి, తనంతట తనకి గుర్తొచ్చేదాకా ఆగండి. పాట అయ్యాక రికార్డింగ్ ఆపకుండా అడగండి: ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ ఊళ్ళో, పెళ్ళికి ముందా తర్వాతా, రేడియోలో విన్నావా. ఆ కబుర్లు పాటతో సమానం. అవి లేకపోతే వరస ఎక్కడిదని రేపు మీ మనవరాలు అడిగితే జవాబు ఉండదు. ఒక పూటకి రెండు కీర్తనలు చాలు, ఆవిడని అలసిపోనివ్వకండి.


జవాబు: తణుకు నుంచి లీడ్స్

టీచర్ గారు చెప్పిన "వరస ఎక్కడిది" అన్న ప్రశ్న చూసి రాయాలనిపించింది. మాది తణుకు, ఇంగ్లండులో ఉద్యోగం. ఇక్కడ ప్రాంతానికొకటి చొప్పున ఎర్లీ మ్యూజిక్ ఫోరంలు ఉన్నాయి. ఎర్లీ మ్యూజిక్ అంటే సుమారుగా 1750కి ముందు కాలం యూరప్ సంగీతం. మా ఇంటి పక్కన ఒక పెద్దావిడ రికార్డర్ అనే చెక్క పిల్లనగ్రోవి వాయిస్తారు, ఆవిడతో కలిసి నేనూ చేరాను.

చేరే పద్ధతి మీరు రాసినట్టే ఉంటుంది. ఏడాది చందా, సభ్యులకి వర్క్‌షాపు ఫీజు తక్కువ, ఆడిషన్ ఉండదు. ఫారంలో ఏ గొంతు, ఏ వాయిద్యం అని రాస్తే చాలు. శనివారం ఏదో చర్చి హాల్లో కలుస్తారు, ఎవరి లంచ్ వాళ్ళదే. నిపుణులు ఒకరు వచ్చి రోజంతా ఒకటి రెండు కృతుల మీద పనిచేయిస్తారు. సాయంత్రం మొత్తం ఒకసారి పాడుకుని ఇంటికి. వినడానికి జనం ఎవరూ రారు, కచేరీ కోసం కాదు కాబట్టి. అయితే ఇక్కడ కాగితం చూసి పాడడం రావాలి, మనకున్నట్టు విని పట్టుకునే అవకాశం తక్కువ. ఆ విషయంలో మీరు అదృష్టవంతులు మేడమ్.

వీళ్ళు ఆధారం గురించి ఎంత పట్టుదలగా ఉంటారంటే, 16వ శతాబ్దపు పుస్తకాల నకళ్ళు తెచ్చి చూపిస్తారు. అప్పట్లో నాలుగు గొంతుల పాటకి నాలుగు విడి పుస్తకాలు, తాళానికి అడ్డగీతలు కూడా ఉండేవి కావు. అవతలివాళ్ళు ఏం పాడుతున్నారో కాగితం మీద కనబడదు, వినే తీరాలి. శ్రుతి సంగతి కూడా అంతే. ఇప్పటి ఆర్కెస్ట్రా 440 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేస్తే, 18వ శతాబ్దం సంగీతం వాయించేవాళ్ళు ఎక్కువగా 415 దగ్గర చేసుకుంటారు. మన లెక్కలో అర శ్రుతి కింద.

ఇదంతా ఎప్పటినుంచో ఉన్నది కాదు. ఆర్నల్డ్ డోల్మెచ్ అనే ఆయన పాత వాయిద్యాల్ని మళ్ళీ తయారు చేసి, 1925లో హేజిల్‌మియర్ అనే చిన్న ఊళ్ళో ఉత్సవం మొదలుపెట్టాడు. మాకు దగ్గర్లోని యార్క్‌లో 1977 నుంచి ఎర్లీ మ్యూజిక్ ఉత్సవం జరుగుతోంది, ఒక పాత చర్చిని దీని కోసమే కేంద్రంగా మార్చారు. వీళ్ళకి వాయించే మనిషి పోయి, పుస్తకం మిగిలింది. పుస్తకం నుంచి మళ్ళీ పాట పుట్టించుకున్నారు. మనకి ఇంకా అమ్మమ్మలు ఉన్నారు. ఆచంట నుంచి వచ్చిన రికార్డింగ్ గురించి తప్పకుండా ఇక్కడ రాయండి.


పాలకొల్లు శ్రోత

అందరికీ నమస్కారాలు. ఫారం నింపి పంపించాను. ఈసారికి వర్క్‌షాపు ఫీజు మాత్రం కట్టాను, సభ్యత్వం టీచర్ గారు చెప్పిన ప్రశ్నకి జవాబు విన్నాక కడతాను. మా అత్తగారు రానన్నారు గానీ, క్షేత్రయ్య గురించి నేను చదివి వినిపిస్తే మొత్తం విన్నారు. అదే నాకు ఎక్కువ.

ఆదివారం ఆచంట వెళ్తున్నాను. అమ్మమ్మకి ఏ కాండ ముందు పాడమని చెప్పమంటారు? మొదటి నుంచి వరుసగా చేయించాలా? ఇంకా, బస్సు రూటు కూడా ఎవరైనా చెబుతారా, వర్క్‌షాపు తొమ్మిదింటికే అట.


జవాబు: వీణ టీచర్, రావులపాలెం

వరుస పెట్టకండి, ఆవిడకి ఏది ఇష్టమో అది ముందు పాడించండి. ఇష్టమైనది పాడితే గొంతు తెరుచుకుంటుంది, మిగతావి వాటంతట అవే వస్తాయి. ప్రతి ఫైలుకీ పాట మొదటి మాట, ఊరు, తేదీ పేరుగా పెట్టి, అదే రోజు ఇంకో చోట కాపీ చేసి ఉంచండి.

చించినాడ వంతెన మీదుగా రాజోలు వచ్చి అక్కడ అమలాపురం బస్సు పట్టుకోండి. మొదటి బస్సుకే బయల్దేరితే మంచిది, రాజోలులో ఒక్కోసారి ఆగాల్సి వస్తుంది. భోజనం అక్కడ పెడతారు. మంచినీళ్ళ సీసా, గీతలు లేని నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. గమకాలు గుర్తు పెట్టుకోవడానికి పెన్సిలే వీలు, చెరిపి రాసుకోవచ్చు.

అమ్మమ్మ గారి పాట ఒకటి వర్క్‌షాపు ఆదివారం నాడు పుస్తకాల గంటలో వినిపిద్దాం. ఆవిడ ఒప్పుకుంటేనే సుమా, ముందుగా అడగండి. ఒప్పుకుంటే నాకు ఇక్కడ ఒక మాట రాయండి, స్పీకరు పెట్టమని నిర్వాహకులకి చెప్పి ఉంచుతాను. రేడియో వరస తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారు. పక్కపక్కన పెట్టి విందాం.